మజ్జిగలో కలిసిన కోడిగుడ్డు

కోడిగుడ్డు అనాగరికమైన పదార్థం. దాన్ని ఇంకా తింటున్నవాళ్ళు రాతియుగంలో ఉన్నట్టే లెక్క!

కోపం తెచ్చుకోకండి పాఠకులారా. నేను చెప్పేది శాస్త్రం. పైగా హోదాతో చెబుతున్నాను. తమిళనాడులో ఆంబూరు దారిలో ఉన్న ఒక షూ కంపెనీలో నేను హాజరు లెక్కలు రాసే టైమ్ ఆఫీసు క్లర్కును, క్యాంటీన్ కమిటీ మెంబరును కూడా. గుడియాత్తం నుంచి రోజూ కంపెనీ బస్సులో వెళ్ళి వస్తుంటాను. ఆ బస్సులో సగం మంది తెలుగు మాట్లాడతారు, కానీ చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మా మేనేజ్‌మెంటుకైతే మాట్లాడటం కూడా రాదు. ఈ కాలమ్ ఇంత ధైర్యంగా రాయగలుగుతున్నానంటే కారణం అదే.

మూడు నెలల క్రితం వరకు మేమంతా చీకట్లో బతికాం. మధ్యాహ్నం క్యాంటీన్లో అన్నం తింటున్నామనే అనుకునేవాళ్ళం. ఎంత అజ్ఞానం!

మా కళ్ళు తెరిపించింది మోనిష మేడమ్. మా షూ కొనే విదేశీ కంపెనీవాళ్ళు, కార్మికుల ఆరోగ్యానికి మీరేం చేస్తున్నారని అడిగారట. వెంటనే మా వాళ్ళు వేలూరు నుంచి ఈ పౌష్టికాహార నిపుణురాలిని పిలిపించారు. ఆమె క్యాంటీన్లో తెర కట్టించి జీవకణం బొమ్మ చూపించింది. మన ఒంట్లోని ప్రతి కణమూ నాలుగు రకాల పెద్ద అణువులతో కట్టి ఉంటుందట. కార్బోహైడ్రేట్లు, ప్రోటీన్లు, కొవ్వులు, న్యూక్లియిక్ ఆమ్లాలు. మిగతా డెబ్బై శాతం నీళ్ళేనట.

నీళ్ళ సంగతి వినగానే నాకు ఒళ్ళు పులకరించింది. డెబ్బై శాతం నీళ్ళే ఉండాలని మా క్యాంటీన్ సాంబారుకు ఎవరూ చెప్పకుండానే తెలుసు కదా!

మా వంట మాస్టరు ఏసుదాస్ మాత్రం కంగారు పడ్డాడు. పాతికేళ్ళుగా ఆరు వందల మందికి వండుతున్న మనిషి. నాలుగో పదార్థం పేరు అతను ఎప్పుడూ వినలేదు.

"మేడమ్, బియ్యం ఉండాది, పప్పు ఉండాది, నూనె ఉండాది. ఈ నాలుగోది మాత్రం మన స్టోర్లో లేదు. యాడ దొరుకుతాది? పిడికెడు వేయాల్నా, చిటికెడు చాలునా?"

అది వేయనక్కర్లేదనీ, బెండకాయలో, వంకాయలో, ఏసుదాస్‌లో కూడా అది ముందే ఉందనీ మేడమ్ చెప్పింది. తనలో ఉందని తెలిశాక ఏసుదాస్ నిమ్మళించాడు. మరుసటి రోజు క్యాంటీన్ గోడకు పెద్ద బోర్డు వచ్చింది. ఈ రోజు భోజనం: కార్బోహైడ్రేట్ ఇన్ని గ్రాములు, ప్రోటీన్ ఇన్ని గ్రాములు, కొవ్వు ఇన్ని గ్రాములు. న్యూక్లియిక్ ఆమ్లం: తగినంత.

ఆ బోర్డు వచ్చాక మా జీవితాలే మారిపోయాయి. అన్నం అని పిలిచినన్నాళ్ళూ మూడు గరిటెలు పెట్టేవాళ్ళు. కార్బోహైడ్రేట్ అని తెలిశాక రెండు చాలన్నారు. పేరు పొడుగయ్యేకొద్దీ గరిటె పొట్టిదవుతుందన్నమాట! అయినా ఎవరైనా ఆకలితో లేచారా? ఆ బోర్డు మొత్తం చదివేసరికే సగం కడుపు నిండుతుంది. మిగతా సగానికి సాంబారు ఉండనే ఉంది.

బస్సులో సంభాషణల స్థాయి కూడా పెరిగింది. "ఏం కూర?" అని అడిగే మొరటుతనం పోయింది. కుట్టు లైనులో పనిచేసే ఒకావిడ తన మొగుడికి ఫోన్ చేసి, ఇప్పుడే కార్బ్ నానబెట్టు, రేపటి దోసెలకు రాత్రికి రుబ్బాలి అని చెప్పడం నా చెవులారా విన్నాను. భోజనానికి ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసే ఏసుదాస్ కూడా, ఈ దినపు అణువుల కొరకు స్తోత్రం అనడం మొదలుపెట్టాడు.

ఇక గుడ్డు దగ్గరికి వద్దాం.

మా క్యాంటీన్లో ప్రతి బుధవారం మనిషికి ఒక ఉడికిన గుడ్డు ఇచ్చేవాళ్ళు. ఆలోచించండి, గుడ్డులో ఎన్ని లోపాలు! పెంకు ఒలవాలి. బల్ల మీద పెడితే దొర్లిపోతుంది. నమలాలి. ఒక గుడ్డు ఒలిచి తినడానికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో ఒక షూ పైభాగం కుట్టేయొచ్చు!

అన్నిటికంటే పెద్ద లోపం, గుడ్డును జేబులో పెట్టుకోవచ్చు.

మా ఆడవాళ్ళు చేసే పని అదే. బుధవారం గుడ్డును ఒక్కరూ అక్కడ తినేవాళ్ళు కాదు. టిఫిన్ డబ్బాలో పెట్టి, పైన గుడ్డ చుట్టి, ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు. బుధవారం సాయంత్రం మా బస్సులో యాభై మంది ఆడవాళ్ళు, యాభై గుడ్లు. ఉడికిన గుడ్లే అయినా ఆ ఒక్కరోజు డ్రైవరు ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా బండి దాదాపు ఆపి దాటించేవాడు. మిగతా రోజుల్లో మా నడుములకు దక్కని గౌరవం అది.

నా పక్క వీధిలో ఉండే సుగంతి గుడ్డు ఎవరికో నాకు బాగా తెలుసు. ఆమె అత్త పచ్చయమ్మకు. ఆర్నెల్ల క్రితం పచ్చయమ్మకు కాళ్ళు వాచిపోతే వేలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రక్తంలో ప్రోటీన్ బాగా తగ్గిపోయిందనీ, రోజుకో గుడ్డు తప్పకుండా పెట్టాలనీ డాక్టరమ్మ చెప్పింది. సుగంతి ఎలాగో తంటాలు పడి వారానికి నాలుగు గుడ్లు పెడుతుంది. ఐదోది బుధవారానిది. మిగతా రెండు రోజులు పచ్చయమ్మ డాక్టరమ్మ మాటలే గుర్తు చేసుకుంటుంది.

ఈ గుడ్ల రవాణా సంగతి మోనిష మేడమ్ లెక్కల్లో బయటపడింది. క్యాంటీన్ ప్రోటీన్ ఇస్తోంది, కార్మికుల ఒంట్లో ప్రోటీన్ కనిపించడం లేదు. మరి ఎక్కడికి పోతోంది? కమిటీ కూర్చుంది. మేడమ్ పరిష్కారం చెప్పింది. గుడ్డు ఆపేయండి, సోయా ప్రోటీన్ పొడి మజ్జిగలో కలిపి ఇవ్వండి, అణువులు అవే!

ఎంత గొప్ప ఆలోచన! మజ్జిగకు పెంకు లేదు. దొర్లదు. నమలక్కర్లేదు. గటగటా తాగి ముప్పై సెకన్లలో మిషన్ దగ్గరికి వెళ్ళొచ్చు. తీర్మానం కింద అందరికంటే ముందు సంతకం పెట్టింది నేనే. నా సంతకం చాలా అందంగా ఉంటుంది.

మొదటి బుధవారమే ఒక సమస్య వచ్చింది. సుగంతి తన మజ్జిగను నీళ్ళ సీసాలో పోసుకుంది.

అంతే, మరుసటి రోజు సర్క్యులర్ వచ్చింది. కంపెనీ ఇచ్చే ప్రోటీన్ కంపెనీ గేటు దాటరాదు! అమలు చేసే బాధ్యత సెక్యూరిటీ కుప్పుస్వామికి అప్పగించారు. అంతవరకు అతను సంచుల్లో తోలు ముక్కలు, బకిల్సు వెతికేవాడు. ఇప్పుడు అణువులు వెతకాలి. కంటికి కనిపించని వస్తువును ఎలా పట్టుకోవడం? కుప్పుస్వామి తెలివైనవాడు. అనుమానం వచ్చిన ప్రతి సీసా మూత తీసి కాస్త తాగి చూసేవాడు. కాస్త తాగితే తేలకపోతే అంతా తాగేవాడు. ఒక్క వారంలో పదకొండు సీసాలు పట్టుకున్నాడు. ఆ వారం మా కంపెనీలో ప్రోటీన్ లోపం లేని ఏకైక మనిషి కుప్పుస్వామి.

తర్వాత ఇంకా కట్టుదిట్టం చేశారు. బుధవారం మధ్యాహ్నం అందరూ వరుసలో నిలబడి, మజ్జిగ తాగి, నోరు తెరిచి "ఆ" అని చూపించాలి. ఆరు వందల మంది ఒకేసారి "ఆ" అంటే ఎంత ఇంపుగా ఉంటుందో మీకేం తెలుసు! పక్క కంపెనీవాళ్ళు మా దగ్గర సంగీతం క్లాసులు పెట్టారేమోనని అనుకున్నారట.

అయినా తాగినట్టు నటించి రెండోసారి కూడా సీసాతో దొరికిన సుగంతిని కమిటీ ముందుకు పిలిచారు. నేనే మినిట్స్ రాశాను.

"ఏమ్మా, రూల్ తెలుసు కదా? ఏమిటికి తీసుకోని పోతా ఉండావు?" అని కుప్పుస్వామి అడిగాడు.

"మా అత్తకు అన్నా. డాక్టరమ్మ చెప్పిండాది. గుడ్డు ఇచ్చినప్పుడు గుడ్డు పెట్టినాను. ఇప్పుడు మజ్జిగ ఇస్తా ఉండారు, మజ్జిగ పోస్తా ఉండాను. నా వంతే కదా సార్ అది? నేను తాగకుండా ఆమెకు ఇస్తే కంపెనీకి ఏమి పోయింది?"

ఏం పోయిందా! మోనిష మేడమ్ ఓపికగా వివరించింది. ఈ ప్రోటీన్ కార్మికురాలి ఉత్పాదకత కోసం. మధ్యాహ్నం ఒంటిగంటకు లోపలికి పోయింది సాయంత్రం ఐదున్నర లోపల కుట్టుగా బయటికి రావాలి. అత్త ఒంట్లోకి పోతే ఆ ప్రోటీన్ ఏం కుడుతుంది? సుగంతికి వార్నింగ్ లెటర్ ఇవ్వాలని తీర్మానించారు. అది కూడా నా అందమైన చేతిరాతతోనే రాశాను.

మీటింగ్ అయ్యాక టీ తాగుతూ మేడమ్ ఇంకో సంగతి చెప్పింది. తోలు కూడా ప్రోటీనేనట! ఆవు చర్మంలో ఉండే కొల్లాజెన్ అట. నేను తెల్లబోయాను. అంటే మేము కుట్టేది ప్రోటీన్. ప్యాక్ చేసేది ప్రోటీన్. రోజూ సాయంత్రం కంటైనర్ల నిండా ప్రోటీన్ ఆ గేటు దాటి, సముద్రం దాటి, ఎవరెవరి పాదాలకో పోతోంది. ఆ కంటైనర్ దాటేటప్పుడు కుప్పుస్వామి లేచి నిలబడి సెల్యూట్ కూడా కొడతాడు. నోరు తెరవమనడు.

ఆ ఆదివారం నేను పచ్చయమ్మను చూడటానికి వెళ్ళాను. ఎందుకంటారా? సైన్స్ ప్రచారం కోసం. కోడలి మీద కోపం పెట్టుకోవద్దనీ, రూల్ అలాంటిదనీ నచ్చజెప్పడం కమిటీ మెంబరుగా నా ధర్మం. ఆమె గడప దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాదాల మీద వాపు అలాగే ఉంది. వేలితో నొక్కి చూపించింది. గుంట పడి అలాగే ఉండిపోయింది. పోయిన వారం మళ్ళీ పరీక్ష చేస్తే ప్రోటీన్ ఇంకొంచెం తగ్గిందట.

నేను అణువుల గురించి, ఉత్పాదకత గురించి అంతా చెప్పాను. కంపెనీ ప్రోటీన్ కంపెనీలోనే ఉండాలని చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది. మీకు చెప్పనేలేదు కదూ, పచ్చయమ్మ కూడా మా కంపెనీలోనే చేసింది. నేను ఉద్యోగంలో చేరినరోజు ఆమె జిగురు సెక్షన్లో అట్టలు అంటిస్తోంది.

"అంతా సరి నాయనా," అంది పచ్చయమ్మ. "నువ్వు సదువుకున్నోడివి, ఒక లెక్క చెప్పు. ఇరవై రెండు ఏండ్లు నేను ఆ గేటులో పోయి వచ్చినాను. చేరేటప్పుడు మీ ఆఫీసులోనే తూకం వేసినారు, యాబై ఐదు కేజీ. పనిలోనించి నిలిపేటప్పుడు మళ్ళా వేసినారు, ముప్పై ఎనిమిది. దినమూ సంచి చూసినారు, డబ్బా చూసినారు, కొంగు కూడా ఇదిలించి చూసినారు. నా పదిహేడు కేజీ బయటికి యాడ పోయిందో మాత్రం ఎవురూ చూడలా."

సుగంతి లోపలి నుంచి కాఫీ తెచ్చి ఇచ్చింది. నేనే రాసిన వార్నింగ్ లెటర్ అందుకున్న చేత్తోనే ఇచ్చింది. తాగి వచ్చేశాను.

అయినా నా అభిప్రాయం మారలేదు పాఠకులారా. ప్రోటీన్ గేటు దాటరాదన్న రూల్ చాలా మంచి రూల్. దాన్ని నేను ఇప్పటికీ మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. నా ఫిర్యాదు ఒక్కటే. పచ్చయమ్మ ఉద్యోగంలో చేరినరోజే ఆ రూల్ వచ్చి ఉండాల్సింది.