మూడు ఖాళీ సంచులు

గడియారాలు బాగుచేసేవాళ్లకి ఒక రోగం ఉంటుంది. లోకం కూడా పళ్ల చక్రాల మీదే నడుస్తుందనుకుంటారు. పన్నుకి పన్ను సరిగ్గా పడితే చాలు, మనం చెయ్యి పెట్టక్కర్లేదనుకుంటారు. నిమిషాల మావయ్యకి ఆ రోగం బాగా ముదిరింది.

వీధంతా ఆయన్ని నిమిషాల మావయ్య అనే పిలిచేది. ఎవరు టైమడిగినా "తొమ్మిదీ పదిహేడు" అనేవాడే తప్ప "తొమ్మిదింబావు" అని పుట్టి బుద్ధెరిగి అనలేదు. భార్య బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. కాపురం మూడో అంతస్తులో, రెండు గదులు. మెట్లు నలభై రెండు. ఆ లెక్క ఆవిడ మోకాళ్లకి బాగా తెలుసు.

ఒక పొద్దున్న ఆవిడ గుడ్డల మూటతో ఎక్కొచ్చి గుమ్మంలో కూలబడింది.

"ఏమండీ, ఇంక నా వల్ల కాదు. నేల మీద ఇల్లు చూడండి. లేదా తాడేసి నన్ను పైకి లాగండి."

"తాడు మనింట్లో లేదే," అన్నాడు మావయ్య, కంట్లో భూతద్దం తియ్యకుండా.

"అంటే ఉంటే లాగేవారన్నమాట!"

"బరువుని బట్టి కొనాలి కదా, అందుకని..."

ఆ పూట కంచం కాస్త గట్టిగా చప్పుడు చేసింది. ఆ చప్పుడికే మావయ్య బుర్రలో చక్రం కదిలింది.

వారం తిరక్కుండా ఇల్లు చూసొచ్చాడు. డ్రిల్లు మాస్టారి ఇల్లు. వీధిలోంచి ఒక్కటే మెట్టు. వంటగదికి కిటికీ, వెనక పెరడు. మాస్టారు బడి మానినా ఈల మానలేదు. ఇల్లు చూపించడం కూడా ఈల వేసే. "కుయ్! ఎడమ వైపు పడగ్గది! కుయ్! వెనక్కి తిరుగు, నూతిగట్టు!"

భార్య కూడా చూసింది. కిటికీ దగ్గర నిలబడి, మిషను ఎక్కడ పెట్టాలో కళ్లతోనే కొలుచుకుంది. ఇంటికొచ్చాక అడిగింది.

"మరి డబ్బో?"

"ఈ ఇల్లు అమ్ముతాం, ఆ ఇల్లు కొంటాం. ఈ చేత్తో పుచ్చుకుని ఆ చేత్తో ఇస్తాం. ఒకే రోజు. పదింటికి రాక, పదకొండింటికి పోక. మధ్యలో అద్దె లేదు, బ్రోకరు లేడు. మన దగ్గర్నుంచి చిల్లిగవ్వ ముందు కదలదు."

"బయానా ముందివ్వాలిగా?"

"మనకొచ్చే బయానా వాళ్లకిస్తాం."

"మనకి రాకముందే వాళ్లడిగితే?"

"అడగరు."

"స్టాంపులు? కాగితాలు రాసే అతను? లారీ?"

"అవన్నీ తర్వాత."

"తర్వాత తీసుకునేవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. మీరు. గడియారం బాగుచేసి 'తర్వాతివ్వండి' అంటారు. మిగతావాళ్లంతా ముందు చెయ్యి చాపుతారు."

"నీ గుండీల సంగతి నువ్వు చూసుకో. పెద్ద లెక్కలు నాకొదిలెయ్," అన్నాడు మావయ్య.

ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంది. మారు మాట్లాడలేదు. పెళ్లయిన ముప్ఫయ్యేళ్లలో ఆవిడ మాట్లాడకుండా ఉన్నప్పుడల్లా మావయ్యకి నష్టమే వచ్చింది. ఆ సంగతి మాత్రం ఆయన ఎప్పుడూ లెక్క కట్టలేదు.

ఆవిడ అన్నంతా అయింది. డ్రిల్లు మాస్టారు ఇంటికి ఇరవై రెండు లక్షలు చెప్పారు. అందులో ఒక లక్ష వెంటనే బయానా. మిగతాది ఇరవయ్యో తారీకు మధ్యాహ్నం ఒంటిగంటలోగా. ఒక్క నిమిషం దాటినా బయానా పోయినట్టే, ఇల్లూ పోయినట్టే.

"నగదు సిద్ధంగా ఉంది కదా?" అన్నారు మాస్టారు.

"ఓ! సంచిలో ఉంది," అన్నాడు మావయ్య. ఎవరి సంచిలో అని ఆయన అడగలేదు. ఈయన చెప్పలేదు.

అట్నుంచి అటే బావమరిది కళ్లద్దాల కొట్టుకి పరుగెత్తాడు.

"ఒక లక్ష సర్దరా. వారంలో ఇచ్చేస్తాను. మీ అక్కకి మాత్రం తెలియకూడదు."

"నా దగ్గరెక్కడిది బావా? నాకు తెలిసిన మనిషి దగ్గరుంది, అడిగి తెస్తాను. పేరు మాత్రం అడక్కు."

"పేరుతో నాకేం పని! డబ్బుకి పేరుంటుందా?"

సోమవారం లక్ష వచ్చింది. సాయంత్రానికల్లా మాస్టారి చేతికి చేరింది. బుధవారం మావయ్య ఇల్లు కొనడానికి వీధి చివరి రొట్టెలాయన వచ్చాడు. నలభై రెండు మెట్లూ ఎక్కేసరికి, పొయ్యిలోంచి తీసిన బన్నులా ఎర్రగా పొంగి ఉన్నాడు. ఇరవై లక్షలకి బేరం కుదిరింది. లక్ష బయానా అక్కడే చేతిలో పెట్టాడు.

"మిగతా నగదు?" అన్నాడు మావయ్య.

"సిద్ధం! సంచిలో ఉంది," అన్నాడు రొట్టెలాయన.

ఎంత నిజాయితీపరుడు అనుకున్నాడు మావయ్య. గురువారం బావమరిదికి బాకీ తీర్చేశాడు. తీర్చి, మళ్లీ చెయ్యి చాపాడు. ఇరవైకి అమ్మి ఇరవై రెండుకి కొంటున్నాడు కదా, పైన రెండు లక్షలు కావాలి. స్టాంపుల ఖర్చు వేరే.

"ఆ మనిషిని మళ్లీ అడగరా."

"ముందే అడిగి ఉంచాను బావా. ఇరవయ్యో తారీకున స్వయంగా ఆఫీసుకే తెస్తానన్నారు. కానీ ఒక షరతుంది."

"ఏ షరతైనా సరే! ఒప్పుకున్నానని చెప్పు," అన్నాడు మావయ్య. షరతేమిటని అడగడానికి తీరిక లేదు.

ఇరవయ్యో తారీకు. రిజిస్ట్రేషన్ ఆఫీసు. మావయ్య పెద్ద ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని పదికి నాలుగు నిమిషాలుండగానే వెళ్లాడు. బల్ల మీద రొట్టెలాయన ఉన్నాడు. ఆయన చంకలోనూ సంచి. పక్కన డ్రిల్లు మాస్టారు. ఆయన ఒళ్లోనూ సంచి.

మావయ్య రొట్టెలాయన్ని చూసి నవ్వాడు. రొట్టెలాయన మాస్టారిని చూసి నవ్వాడు. మాస్టారు మావయ్యని చూసి నవ్వారు. ఆ నవ్వులు పదకొండూ ఇరవై దాకా అలాగే ఉన్నాయి. తర్వాత దవడలు నొప్పెట్టాయి.

"ఏమండీ, తెచ్చారా?" అన్నాడు మావయ్య రొట్టెలాయనతో.

"ఇదిగో, వచ్చేస్తుంది. మా ఇల్లు కొనే పెద్దమనిషి ఇవ్వగానే."

"ఎవరాయన?"

రొట్టెలాయన మాస్టారి వైపు వేలు చూపించాడు.

మాస్టారు గొంతు సర్దుకున్నారు. "ఇస్తానయ్యా. మా ఇల్లు కొన్నాయన నాకివ్వాలి కదా ముందు!" అని మావయ్య వైపు వేలు చూపించారు. మావయ్య వేలు అప్పటికే రొట్టెలాయన వైపు ఉంది.

కిటికీలోంచి స్టాంపుల గుమాస్తా తొంగిచూశాడు. "మూడు వేళ్లు, మూడు సంచులు. నోటు మాత్రం ఒక్కటీ లేదు. ఒంటిగంటకి కిటికీ మూసేస్తానండోయ్."

"నగదు సిద్ధమన్నారు!" అని మావయ్య లేచాడు.

"మీరూ మాస్టారితో అన్నారటగా!"

"నేను నమ్మి అన్నాను!"

"ఎవర్ని నమ్మి?"

"మిమ్మల్నే!"

"కుయ్!" అని మాస్టారు ఈల ఊదారు. ఆఫీసులో అందరూ తెలియకుండానే లేచి వరసలో నిలబడ్డారు. గుమాస్తాతో సహా.

"గడువు దాటితే ఇల్లివ్వను. నాకు ఇంకో బేరం ఉంది," అన్నారు మాస్టారు.

పన్నెండూ ఇరవై రెండు. మావయ్యకి ఆ వంటగది కిటికీ దగ్గర నిలబడ్డ భార్య కళ్లముందు కనిపించింది. తర్వాత నలభై రెండు మెట్లు కనిపించాయి, ఒక్కొక్కటిగా.

అప్పుడు బావమరిది వచ్చాడు. "బావా, అప్పిచ్చే మనిషి వచ్చారు."

వెనకే ఆవిడ. మెడలో కొలత టేపు, చంకలో సంచి. ఆ సంచి ఒక్కటే ఖాళీగా లేదు.

"నువ్వా!" అన్నాడు మావయ్య.

"నేనే. పక్కకి జరగండి." ఆవిడ కొంగులోంచి సుద్దముక్క తీసి నేల మీద మూడు ఇళ్లు గీసింది. "మేం మాస్టారుగారికి ఇరవై రెండివ్వాలి. మాస్టారుగారు ఈ రొట్టెలన్నయ్యగారికి ఇరవై ఒకటి. అన్నయ్యగారు మాకు ఇరవై. ముగ్గురికీ తలో ఇరవై కొట్టెయ్యండి. బయానాలు కూడా తలో లక్ష ఇచ్చి తలో లక్ష పుచ్చుకున్నవే, వాటినీ మర్చిపోండి. ఇంకేం మిగిలింది? మేం రెండివ్వాలి. మాస్టారుగారికి ఒకటి, అన్నయ్యగారికి ఒకటి. అంతే."

ముగ్గురు మగాళ్లూ వంగి నేలని చూశారు. ఎవరికీ తప్పు దొరకలేదు. ఎంత వెతికినా.

"ఇదంతా నీకెలా తెలిసిందే?"

"సోమవారం నా కుట్టుకూలిలోంచి నేనిచ్చిన నోట్ల కట్టకి నా నీలం దారం, నా ముడి. ఆ ముడి విప్పడం ఎవరి తరం? గురువారం అదే కట్ట నా చేతికి తిరిగొచ్చింది. మీరు మాస్టారుగారికిచ్చింది, మీకు రొట్టెలన్నయ్యగారి దగ్గర్నుంచి ఎలా వస్తుంది? పిల్లల చొక్కాల కొలతలని రెండిళ్లకీ వెళ్లి ఆడవాళ్లనడిగాను. వాళ్లూ ఏమీ దాచలేదు. దాచుకునేది మీరు ముగ్గురే."

రొట్టెలాయన మాస్టారిని చూశాడు. మాస్టారు ఈల జేబులో పెట్టేసుకున్నారు.

ఆవిడ ముందు స్టాంపుల డబ్బు కిటికీలో పెట్టింది. గుమాస్తా లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఆ కిటికీలో ఎవరికీ దొరకని మర్యాద అది. తర్వాత మిగతా రెండు కట్టలూ చేతులు మారాయి. కాగితాలు తయారయ్యాయి.

"మాస్టారి ఇల్లు. కొనేవారి పేరు?" అన్నాడు గుమాస్తా.

మావయ్య మీసం సవరించుకుని ముందుకొచ్చాడు.

"తమ్ముడూ," అంది ఆవిడ, "అప్పిచ్చిన మనిషి షరతేమిటో మీ బావకి చెప్పావా?"

"చెప్పకముందే ఒప్పుకున్నాడక్కా. ఇల్లు ఆ మనిషి పేరు మీదే రాయాలట."

"మరి నేనో?" అన్నాడు మావయ్య.

"సాక్షి సంతకం ఇక్కడండీ," అని గుమాస్తా వేలు పెట్టి చూపించాడు. పన్నెండూ యాభై ఎనిమిదికి మావయ్య సంతకం పెట్టాడు.

మూడిళ్లవాళ్లూ ఒకే రోజు, ఒకే గంటలో సామాన్లు వీధిలో పెట్టి ఇళ్లు మారారు. కొత్తింట్లో ఆవిడ మిషను కిటికీ కింద పెట్టుకుంది. ఒక్క మెట్టూ నాలుగుసార్లు ఊరికే ఎక్కి దిగింది.

సాయంత్రం మావయ్య గోడగడియారం, మేకు, సుత్తి పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాడు. గోడని చూశాడు. భార్యని చూశాడు. మళ్లీ గోడని చూశాడు.

"ఏమిటలా చూస్తారు?" అంది ఆవిడ, మిషను ఆపకుండా.

"మరి... ఇక్కడ మేకు కొట్టుకోవచ్చునాండీ?" అన్నాడు మావయ్య.

ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఆయన ఆవిడని 'అండీ' అనడం అదే మొదలు. మిషను టక్కున ఆగింది. ఆవిడ నవ్వాపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కొట్టుకోండి," అంది. "కాస్త ఎడమకి. నాకు కూడా టైము కనపడాలి."

మావయ్య ఎడమకి జరిగి కొట్టాడు.