వందేళ్ళ కూరకత్తి

ఆదివారం పొద్దున కంద కోయడానికి కత్తి తెమ్మంది కృష్ణకుమారి. సరోజినీ నగర్ మార్కెట్లో కొత్తది కొనమంటే, ఆవిడ భర్త జనార్దనరావు ఎర్రకోట వెనక పాత సామాన్ల బజారుకు వెళ్ళి పేరూ ముద్రా లేని నల్లటి కత్తి పట్టుకొచ్చాడు. ఆయన కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసర్. శుక్రవారం ప్రమోషన్ లిస్టు రావాలి.

"దీంతో కందా? ముందు ధనుర్వాతం సూది వేయించుకోవాలి" అందావిడ.

పై క్వార్టర్‌లో ఉండే రాధాకృష్ణమూర్తిగారికి తెలియని విషయం లేదు. అడగకపోయినా చెబుతారు. కత్తిని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూశారు.

"ముద్ర లేదంటే ఫ్యాక్టరీలు రాకముందుదండీ. పిడికి రెండు మేకులు ఇత్తడివి, మూడోది వేరే. చూశారా? వందేళ్ళ పైమాటే! రిజిస్టర్ చేయించారా?"

"కూరకత్తికి రిజిస్ట్రేషనేమిటండీ?"

"పురాతన వస్తువండీ! గవర్నమెంట్ సర్వెంట్ దగ్గర దొరికితే ఎంక్వైరీయే. మీరే ముందు రాసిచ్చేస్తే సేఫ్."

సోమవారం ఆఫీసుకు వెళ్ళగానే జనార్దనరావు 'నా స్వాధీనంలోకి వచ్చిన పురాతన ఖడ్గం గురించి' అని మూడు ప్రతులు రాసి, పైకి పంపమని క్లర్కు పెద్దిరాజు ముందు పెట్టాడు. కాగితాల మీద కోడిపెట్టలా కూర్చుంటున్నాడని ఆ పెద్దిరాజుకే మెమో ఇవ్వాలని ఆయన నెలరోజులుగా అనుకుంటున్నాడు.

మంగళవారం పొద్దున్నే సైకిల్ మీద సానపట్టే ముసలాయన వచ్చాడు. కృష్ణకుమారి ఇచ్చిన కత్తి పిడి చూసి పకపకా నవ్వాడు.

"అరే దీదీ, యే తో మైనే బనాయా థా!"

లారీ కమాను పట్టీ సాగగొట్టి పోయిన హోలీకి తనే చేశాడట. మేకు తక్కువైతే మూడోదానికి సైకిల్ చువ్వ ముక్క కొట్టాడట.

జనార్దనరావుకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఉత్తరం గుర్తొచ్చి మళ్ళీ కూలబడింది. కూరకత్తిని పురాతన ఖడ్గమన్న ఆ కాగితం పైకి వెళితే విచారణ తప్పదు. విచారణంటే, అది తేలేదాకా ప్రమోషన్ సీల్డ్ కవర్లోకి పోతుంది. టిఫినైనా తినకుండా, మెట్రో తవ్వకాల మధ్య ఆటోలో పడుతూ లేస్తూ ఆఫీసు చేరాడు.

"పెద్దిరాజూ! నిన్నటి కాగితం పంపేశావా?"

పెద్దిరాజు లేచి నిలబడి తల గోక్కున్నాడు. "తప్పయిపోయింది సార్. ఇంకా డైరీ నంబరు కూడా వెయ్యలేదు. ఇప్పుడే పంపించేస్తా."

"వద్దయ్యా, వద్దు!"

మూడు ప్రతులూ లాక్కుని ముక్కలు ముక్కలుగా చింపేసి, జనార్దనరావు అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. ప్రాణం ఎంత తేలికపడిందంటే కళ్ళు చెమర్చాయి.

శుక్రవారం లిస్టులో పేరు వచ్చింది. ఆదివారం కందా చక్కగా తెగింది. పెద్దిరాజుకు ఇవ్వాల్సిన మెమో మాత్రం ఈనాటికీ జనార్దనరావు టేబులు మీదే ఆలస్యమవుతోంది.