కారుకి తొలి ఆషాఢం

మా ఇంటికి ఆ కారు బండిగా వచ్చిందో, సవతిగా వచ్చిందో నాకు ఇప్పటికీ తేలలేదు.

నిజానికి ఢిల్లీ ద్వారకలో కారు లేక ఆగిపోయిన పని మాకు ఒక్కటీ లేదు. గేటు దాటితే ఈ-రిక్షా, అది దిగితే మెట్రో. కానీ మా ఆయన సదాశివరావుగారికి కంటోన్మెంటులో ఒక తోడల్లుడు ఉన్నారు. మా అక్క భర్త, కర్నల్ శివకుమార్. కనబడ్డప్పుడల్లా, "ఏమోయ్ సదాశివం, ఇంకా జనంతోనే ప్రయాణమా?" అని మా ఆయన భుజం తడతారు. తట్టిన చోట నొప్పి మర్నాటికి పోతుంది. మాట మాత్రం మళ్ళీ కలిసేదాకా సలుపుతూనే ఉంటుంది.

"ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన చూస్తుండగా జర్మనీ కారులోంచి దిగాలి, ఆండాళూ! ఆ తర్వాత నువ్వు రోజూ ఉప్మా పెట్టినా తింటాను" అన్నారు మా ఆయన.

ఇప్పుడు రోజూ తింటున్నదేమిటో ఆయన గమనించినట్టు లేదు.

కొత్తది కొనాలంటే ఫ్లాటు అమ్మి ఆ కారులోనే కాపురం పెట్టాలి. అందుకని పాతది వెతికారు. ఘాజియాబాద్‌లో దొరికింది. తెల్లగా, తళతళలాడుతోంది. బయటి నుంచి చూస్తే పెద్ద ఆఫీసరు వస్తున్నట్టే ఉంటుంది. వెనకసీట్లో కూర్చుంటే మాత్రం మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి.

యజమాని సీతారామయ్యగారు ఎయిర్‌ఫోర్సులో రిటైరై అక్కడే ఇల్లు కట్టుకున్న తెలుగాయన. పిల్లల్లేరు. ఆయనా, ఆయన భార్య మాణిక్యాంబగారూ ఆ కారునే పెంచుకున్నారు.

"మరి ఎందుకు అమ్ముతున్నారండీ?" అన్నాను.

"ఈడొచ్చిన పిల్లని ఎంతకాలమని ఇంట్లో పెట్టుకుంటామమ్మా!" అన్నారాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

మాకంటే ముందొచ్చిన వాళ్ళు టైరుని కాలితో తన్ని చూశారట. ఆడపిల్లని తన్నేవాళ్ళకి ఇవ్వనని ఆయన గెంటేశారట. ఆ మాట వినగానే మా ఆయన కాలు మీది కాలు దించేశారు. చొక్కా సర్దుకున్నారు. చూస్తుండగానే పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకైపోయారు.

"పాడుతుందాండీ?" అన్నారు వినయంగా.

సీతారామయ్యగారు స్టీరియో పెట్టారు. మోహన రాగంలో వీణ వినిపించింది.

"పిల్ల మాకు నచ్చిందండీ. కళ్ళల్లో పెట్టుకు చూసుకుంటాం. మీ ఆచారాలు ఏవున్నా మాకు శిరోధార్యం!"

బజారు ధరలో సగానికి సంబంధం ఖాయమైంది.

తిరుగు దారిలో మా ఆయన స్టీరింగు మీద దరువేస్తూ, "చూశావా నా తెలివి? కాగితాలు నా పేరుకి మారాయంటే ఆయనెవరో, నేనెవరో!" అన్నారు.

"నేనెవరో కూడా అప్పుడే చెప్పేయండి, సర్దుకుంటాను" అన్నాను.

అన్నంత పనీ అయింది. చెప్పులు విప్పి ఎక్కాలన్నారు మా ఆయన. తలుపు చప్పుడు కాకుండా వెయ్యాలన్నారు. కూరల సంచీ తగిలితే లోపలి తోలుకి మరకలవుతాయన్నారు. ఆ కారులో నాకు చోటుంది గానీ నా సొరకాయకి లేదు. ఇద్దరం ఈ-రిక్షాలోనే తిరిగాం, నేనూ సొరకాయా.

వచ్చిన మొదటి ఆదివారమే సీతారామయ్య దంపతులు దిగారు. సారె తెచ్చారు. చలిమిడి, పసుపుకుంకుమలు, ఒక డబ్బా ఇంజనాయిలు.

మాణిక్యాంబగారు పార్కింగులోకి వెళ్ళి టైరు నొక్కి చూసి, "చిక్కిపోయిందండీ" అని ముక్కు చీదారు. "ఎండలో నిలబెడుతున్నావా బాబూ?" అని సీతారామయ్యగారు నిలదీశారు. తర్వాత ఆవిడ నన్ను పక్కకి పిలిచి చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు పెద్దదానివి తల్లీ. చిన్నపిల్ల, కొత్త. కాస్త నువ్వే సర్దుకుపోవాలి."

మా అమ్మాయి వర్షిణి బాల్కనీలోంచి చూసి, "మమ్మీ, యే లోగ్ సీరియస్ హై క్యా?" అంది, వీళ్ళు నిజంగానే అంటున్నారా అన్నట్టు.

నేను మాత్రం చాలా సీరియస్‌గా కాఫీ కలిపాను. కప్పు అందిస్తూ, "వచ్చే వారం ఆషాఢం కదా పిన్నిగారూ. కొత్తగా అత్తారింటికొచ్చిన పిల్ల, తొలి ఆషాఢం..." అని పంచదార వేసినంత మెల్లిగా అన్నాను.

మాణిక్యాంబగారు కప్పు కింద పెట్టేశారు. "అయ్యయ్యో, నా మతి మండా! ఏవండీ, పిల్లని పుట్టింటికి తీసుకెళ్ళాలి కదా!"

మా ఆయన నన్ను చూసిన చూపుకి కాఫీ మళ్ళీ మరిగి ఉండాలి. కానీ సీతారామయ్యగారు, "సర్వీసింగు, కొత్త బ్రేకులు అన్నీ మేమే చేయించి పంపుతాం బాబూ. పుట్టింటివాళ్ళ ముచ్చట" అనేసరికి ఆ చూపు చల్లారిపోయింది.

"ఆచారం ఆచారమే కదండీ మామయ్యగారూ!" అన్నారు. అప్పటికప్పుడు ఆయన మామయ్య కూడా అయిపోయారు. వంటింట్లోకి వచ్చి, "ఉత్తినే బ్రేకులే, ఉత్తినే!" అని నా చెవిలో ఊదారు.

కారు వెళ్ళిన కొన్నాళ్ళకే కర్నల్ బావగారి ఫోను. బ్రిగేడియర్‌గా ప్రమోషనట. ఆదివారం సాయంత్రం ఆఫీసర్ల మెస్సులో విందట.

"తప్పకుండా అన్నయ్యగారూ! మా జర్మనీ కారులో వచ్చేస్తాం!" అన్నారు మా ఆయన ఛాతీ విరిచి. ఫోను పెట్టాక కారెక్కడుందో గుర్తొచ్చింది. విరిచిన ఛాతీ యథాస్థానానికి వచ్చింది.

ఆదివారం పొద్దున్నే మెట్రో ఎక్కి ఘాజియాబాద్ వెళ్ళాం. మా ఆయన గేటు మీద చెయ్యి వేశారో లేదో, లోపలి నుంచి మాణిక్యాంబగారు కేకేశారు.

"ఆగు బాబూ! అక్కడే ఆగు! ఆషాఢంలో అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు!"

"నేను కారు కోసం వచ్చానండీ!"

"అందుకేగా వద్దంటున్నాం!"

నాకు అడ్డు లేదు కాబట్టి లోపలికెళ్ళి కూర్చున్నాను. ఆవిడ వేడివేడి పునుగులు పెట్టారు. మా ఆయన ఎండలో మునివేళ్ళ మీద నిలబడి గేటు పైనుంచి తొంగిచూశారు. మరుక్షణం ఆయన తల గేటు వెనక మాయమైంది. కూలబడ్డారన్నమాట.

కారు తెల్లటి బానెట్ మీద ఎర్రగా, నిండుగా గోరింటాకు చందమామ. చుట్టూ చుక్కలు.

"ఆషాఢం కదా, పెట్టాను. ఎంత బాగా పండిందో చూశావా!" అన్నారు మాణిక్యాంబగారు మురిసిపోతూ. "మంచి మొగుడు దొరికాడు పిల్లకి."

గేటు అవతల నుంచి ఆ మంచి మొగుడు మూలిగారు. లేచి నిలబడి గొంతు పెంచారు. "కాగితాలు నా పేరు మీదున్నాయండీ!"

"ఉంటాయి బాబూ. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారదూ? అంతమాత్రాన ఆషాఢం ఆగుతుందా?" అన్నారు సీతారామయ్యగారు.

మా ఆయన గేటు సందులోంచి మొహం పెట్టి, "ఈ ఒక్క సాయంత్రం, మామయ్యగారూ! మా తోడల్లుడి ముందు నా పరువండీ!" అని బతిమాలారు. సీతారామయ్యగారి మనసు కరిగింది. పరువు మాట ఆయనకు అర్థమైంది.

"సరే. విందుకి పిల్లని మేమే తీసుకొస్తాం. అమ్మాయి ఆండాళు కూడా మాతో వస్తుంది. నువ్వు మాత్రం ఎక్కకూడదు బాబూ. ఆషాఢంలో మొగుడూ పెళ్ళాం ఒకచోట కూర్చుంటే ఇంకేమన్నా ఉందా!"

అలా నేను వెనకసీట్లో కూర్చుని, చెప్పులు విప్పకుండా, మెస్సు ముందు దిగాను. బావగారే వచ్చి తలుపు తీశారు. కారుని చూసి ఈల వేశారు.

"శభాష్! ఏడీ మన సదాశివం?"

"వెనకాల వస్తున్నారు బావగారూ. మెట్రోలో."

మా ఆయన వచ్చేసరికి టై చెవి కిందకి చేరింది. అయినా ఆశ చావలేదు. అందరూ కారు చుట్టూ ఉన్నారు, బావగారు చూస్తున్నారు. ఒక్కసారి ఎక్కి దిగితే చాలనుకున్నారు కాబోలు, మెల్లిగా తలుపు మీద చెయ్యి వేశారు.

ఆ చేతి మీద టపీమని దెబ్బ పడింది.

"చెయ్యి తియ్యి బాబూ! పదిమందిలో!" అన్నారు మాణిక్యాంబగారు.

మెస్సు మెట్ల మీది తలలన్నీ ఇటు తిరిగాయి. బావగారు ఆవిణ్ణీ, మా ఆయన్నీ మార్చి మార్చి చూశారు. "ఈవిడెవరోయ్?"

మా ఆయన తల వంచుకున్నారు. అబద్ధం ఏదైనా దొరుకుతుందేమోనని బూట్లవైపు వెతికి, చివరికి గొణిగారు. "మా... రెండో అత్తగారండీ."

మా అక్క చేతిలో ప్లేటు జారింది. బావగారు మాత్రం మా ఆయన్ని కాసేపు పరీక్షగా చూశారు. అటెన్షన్‌లో నిలబడ్డారు. ఇన్నేళ్ళలో మొదటిసారి మా ఆయనకి, నిండు సైన్యం ముందు, సెల్యూట్ కొట్టారు.

"ఒక్క అత్తగారితోనే నేను వేగలేకపోతున్నానోయ్ సదాశివం! నువ్వు మగాడివి!"

ఆ ఒక్క అత్తగారూ మా అమ్మే. ఆ సంగతి తర్వాత చూసుకుందామని గులాబ్‌జామ్ తిన్నాను.

కారు ఘాజియాబాద్ వెళ్ళిపోయింది. మేమిద్దరం మెట్రోలో కడ్డీ పట్టుకుని నిలబడ్డాం. పంచాంగం పేరెత్తితే నవ్వే మనిషి, దిక్కులు చూస్తూ అడిగారు.

"శ్రావణం ఎప్పుడే?"

"అయ్యో, మీకు చెప్పలేదు కదూ?" అన్నాను. "ఈ ఏడు అధికమాసం వచ్చిందట. ఆషాఢం రెండు నెలలు."