పాలు చాలుతున్నాయా అమ్మా?

పసిబిడ్డ పుట్టిన ఇంట్లో ఉయ్యాల లేకపోయినా ఫరవాలేదు. బిడ్డని తూచే మెషీను లేకపోతే మాత్రం అది ఇల్లే కాదు! నవ్వకండి. ఏడు వారాల అనుభవంతో చెబుతున్నాను.

ఉయ్యాల ఏం చేస్తుంది? బిడ్డని పడుకోబెడుతుంది, అంతే. మెషీను ఇంటిల్లిపాదికీ పని కల్పిస్తుంది. పచ్చి బాలింతరాలికి తను ఎందులో తప్పిందో రోజుకి ఎనిమిదిసార్లు అంకెల్లో చూపిస్తుంది. ఇంత సేవ చేసే వస్తువు ఆన్‌లైన్‌లో ఇలా నొక్కితే అలా ఇంటికొస్తుంటే, కొనుక్కోనివాళ్లని ఏమనాలి?

నా పేరు రమాకుమారి. మాది పార్వతీపురం. మా ఆయన ఆనందరావు కలకత్తా దగ్గర లిలువాలో రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ల పని చూస్తారు. ట్రాన్స్‌ఫరై ఇక్కడికొచ్చి రెండేళ్లయింది. మా పాప చిన్మయి. మా అమ్మకి మోకాలి ఆపరేషనై రాలేకపోతే, పురుడు పోయడానికి మా అత్తగారు సన్యాసమ్మ గారు టెక్కలి నుంచి వచ్చి హౌరాలో దిగారు, రెండు సంచీలతో. ఒకదాన్లో బట్టలు. రెండోదాన్నిండా తెలగపిండి! నువ్వుల్లోంచి నూనె తీసేశాక మిగిలే పిండి అది. బాలింతకి పాలు పడాలంటే అదే తినాలని మావైపు గట్టి నమ్మకం.

మీరెప్పుడైనా గమనించారా? పసిబిడ్డని చూడ్డానికి వచ్చినవాళ్లు పేరేమిటని అడగరు. ఎవరి పోలిక అని కూడా తర్వాతే. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, "పాలు చాలుతున్నాయా అమ్మా?" అంటారు. మా ఆయన్ని వర్క్‌షాపులో ఆయన పై ఆఫీసరు కూడా అడిగాడట, మిసెస్‌కి పాలు చాలుతున్నాయా అని. అదేదో మా క్వార్టరుకి కుళాయి నీళ్లు సరిగ్గా వస్తున్నాయా అని అడిగినట్టు! ఈయన సిగ్గులేకుండా, "కొంచెం తక్కువే సార్" అని చెప్పి వచ్చారు.

నాకేమీ కోపం రాలేదు. నలుగురూ పట్టించుకుంటున్నారంటే అదృష్టం కాదూ?

పాప తొడ నొక్కి చూడకుండా వెళ్లిన మనిషి లేడు. వంకాయలు ఏరుకునేవాళ్లు కూడా అంత శ్రద్ధగా నొక్కరు. బెంగుళూరులో ఉన్న మా ఆడపడుచు సమీర రోజూ వీడియో కాల్ చేస్తుంది. ముందు తన కొడుకుని ఎత్తి కెమెరాకి చూపిస్తుంది. వాడి చేతికి మూడు మడతలు. "మావాడికి ఈ వయసుకే ఆరు కిలోలు వదినా! కంగారుపడకు, అందరికీ అన్ని పాలు ఉండవు కదా" అంటుంది. ఎంత మంచి మనసో చూడండి!

తనే ఒక యాప్ కూడా పంపించింది. పాప బరువు కొడితే అది పర్సంటైల్, అంటే వందమంది పిల్లల్లో బరువులో ఎక్కడుందో, చెబుతుంది. పదిహేను అని వచ్చింది. పాప బాగానే ఉందని దాని కిందే ఇంగ్లిషులో రాసి ఉంది గానీ, అంతదూరం ఎవరు చదువుతారు?

"పదిహేనేటి? నూటికా?" అన్నారు మా అత్తగారు.

"నూటికేనమ్మా" అన్నారు మా ఆయన.

"ఓలమ్మో! ముప్పై అయిదు రాకపోతే పేసవరు కదేటి! గుంట పుట్టీపుట్టకనే ఫెయిలైపోనాదిరా ఆనందూ!"

ఆ సాయంత్రమే మెషీను ఆర్డరు పెట్టారు.

ఇక మా ఆయన సంగతి. వ్యాగన్లతో పనిచేసే మనిషి కదా, ప్రతి వ్యాగన్ పక్కనా దాని ఖాళీ బరువు పెయింటుతో రాసి ఉంటుందట. లోడు చేశాక మళ్లీ తూచి, అందులోంచి ఖాళీ బరువు తీసేస్తే సరుకెంతో తెలుస్తుంది. ఆయన అదే పద్ధతి ఇంటికి తెచ్చారు. పాలివ్వబోయే ముందు పాపని తూస్తారు, అది ఖాళీ బండి. ఇచ్చాక తూస్తారు, అది లోడు బండి. తేడా నోట్‌బుక్‌లో ఎక్కిస్తారు. మధ్యలో నేనెవరిని? గూడ్స్ షెడ్డుని!

నలభై గ్రాములొస్తే ఊఁ అంటారు. ముప్పై వస్తే నావైపు చూస్తారు. ఏమీ అనరు, మంచి మనిషి. ఆ చూపు మాత్రం చూస్తారు. ఒకనాడు మైనస్ ఇరవై వచ్చింది! పాప పావుగంట తాగింది, తాగాక ఇరవై గ్రాములు తగ్గింది. ఆయన మెషీన్ని అటూ ఇటూ జరిపారు, బ్యాటరీలు మార్చారు, చాలాసేపు లెక్కలు వేశారు. తాగుతుండగా పాప తడిపిందనీ, ఆ తడిబట్ట తీసేశాకే తూచారనీ నేను చెప్పేదాకా ఆ ఇంజినీరుకి తట్టలేదు. పాపే నాకు పాలు వెనక్కిచ్చిందనుకున్నారో ఏమో!

పాలు పెరగడానికి పథ్యం కూడా ఉంది. మా అత్తగారి రాజ్యాంగం ప్రకారం బాలింత కూరలు తినకూడదు, పెరుగు ముట్టుకోకూడదు, దాహమేసినా నీళ్లు తాగకూడదు. పొద్దునొక గ్లాసు, సాయంత్రమొక గ్లాసు, అదీ కాచినవి. అన్నంలోకి వెల్లుల్లి కారం, తెలగపిండి, ఎండుచేప. అది కూడా పాప పడుకున్నప్పుడే. పాపేమో నేను కంచం ముందు కూర్చున్న క్షణంలోనే లేస్తుంది. "ముందు గుంటకివ్వే, నీ కూడెక్కడికీ పోదు" అంటారావిడ. నిజమే, ఎక్కడికీ పోదు. చల్లారి అక్కడే ఉంటుంది.

మా పైవాటాలో శెఫాలీ మాషీమా ఉంటారు. ఇక్కడ పెద్ద వయసు ఆడవాళ్లందర్నీ మాషీమా అనే పిలుస్తారు, మన పిన్నిగారూ అన్నట్టు. ఆవిడ రోజు విడిచి రోజు గిన్నెలో శింగీ చేపల పులుసు పంపించేవారు, పురిటివాళ్లకి మంచిదని. కాలోజీరా, అంటే నల్లజీలకర్ర, అది నూరి ముద్ద చేసి ఇచ్చేవారు. "ఈ నీళ్ల పులుసేటి, జలుబు సేసీదు?" అని మా అత్తగారు ఆ గిన్నెనీ, ఆ ముద్దనీ నా దాకా రానిచ్చేవారు కాదు. పారబొయ్యడం పాపం కాబట్టి మా ఆయన తాగేవారు. మా ఇంట్లో ఆ ఏడు వారాల్లో కంటికి కనబడేలా బరువు పెరిగింది ఆయనొక్కరే.

మా అత్తగారిని గయ్యాళి అనుకోకండి. మా ఆయనకి ముందు పుట్టిన బిడ్డ ఆవిడకి దక్కలేదు. మూడో నెలలో పోయిందట. ఆవిడ భయం దొంగ భయం కాదు. అందుకే నేను ఎదురు చెప్పలేకపోయాను.

పాపకి ఏడు వారాలు నిండిన మంగళవారం డాబా మీద పాపని ఎండకి పట్టుకుని నిలబడ్డాను. మా అత్తగారు పక్కనే బట్టలు ఆరేస్తున్నారు. మాషీమా వచ్చారు. మమ్మల్ని ఎగాదిగా చూశారు. నాలుక చప్పరించి, మా అత్తగారితో అన్నారు: "ఇష్! ఎకేబారే రోగా హొయే గేఛే!"

మా అత్తగారి చేతిలోంచి తడిచీర కింద పడిపోయింది.

"రోగమా! ఓలమ్మ ఓలమ్మ, ఆవిడేటందో ఇన్నావా? గుంటకి రోగమంట!"

సాయంత్రం మా ఆయన అనువాదం చేసి పెట్టారు. "హొయే గేఛే" అంటే "అయిపోయింది" అని ఆయనకి తెలుసు. "ఎకేబారే" అంటే పూర్తిగా అని కూడా తెలుసు. ఇక రోగా అంటే ఒకళ్లు చెప్పాలా? అది మన మాటేనాయె! పూర్తిగా రోగమైపోయింది. ఇంత చక్కటి బెంగాలీ ఎవరికి రాదు చెప్పండి?

ఆ తర్వాత ఇంట్లో వంట లేదు. మా అత్తగారు దిష్టి తీశారు, మొక్కుకున్నారు, పాప నడుముకి ఇంకో నల్లతాడు కట్టారు. సమీర ఫోన్‌లో తేల్చి చెప్పేసింది, వదిన పాలు చాలకే రోగమొచ్చిందని. మా ఆయన వెళ్లి డబ్బాపాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. మర్నాడు సాయంత్రం డాక్టరుకి చూపించడం, అక్కణ్ణించి రాగానే డబ్బా మొదలెట్టడం అని ఖాయమైపోయింది. ఇంట్లో ఒక్కరూ నన్నడగలేదు. అడిగితే మాత్రం నేనేం చెప్పగలను? నోట్‌బుక్ నిండా సాక్ష్యమే కదా!

డబ్బాపాలు తాగిన పిల్లలు చక్కగా పెరుగుతారు. నేనే డబ్బాపాలతో పెరిగాను. నా ఏడుపు దానికి కాదు. నా బిడ్డని నేనే పస్తు పెట్టి రోగం తెప్పించానని నేను నమ్మేశాను. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. వ్యంగ్యానికి వ్యంగ్యమే గానీ, ఆ ఒక్కరోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

డాక్టరు అభిజిత్ బాబు దగ్గరికి మాషీమాయే తీసుకెళ్లారు. టోటోలో, అంటే ఇక్కడి బ్యాటరీ ఆటోలో, నలుగురం, ఒళ్లో పాప. మా అత్తగారు దారిపొడవునా మాషీమాని దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నారు, రోగం కనిపెట్టిన మనిషి కదా!

డాక్టరు పాపని తూచారు. నాలుగు కిలోల రెండొందలు. పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిదొందలు. రోజుకి ఎన్ని బట్టలు తడుపుతుందని అడిగారు. ఎనిమిది, తొమ్మిది అన్నాను. పాప కళ్లు, నోరు, పొట్ట చూశారు. పాప ఆయన వేలు పట్టుకుని వదల్లేదు.

"బాగుంది కదా? రోజుకి పాతిక గ్రాములు పెరిగింది. ఎందుకొచ్చారు?" అన్నారు హిందీలో.

మా ఆయన బిక్కచచ్చిపోయి, "రోగా హో గయా అని మాషీమా చెప్పారండీ" అన్నారు.

డాక్టరు మాషీమా వైపు చూశారు. మాషీమా పాప వైపు చూశారు, నావైపు చూశారు. ఒక్కసారిగా నాలుక కరుచుకున్నారు. "ఓ మా! నేనన్నది బౌమా గురించి! పాప గురించి ఎవరన్నారు?"

బౌమా అంటే కోడలు పిల్ల. అంటే నేను.

డాక్టరు నవ్వాపుకుంటూ విడమరిచి చెప్పారు. బెంగాలీలో రోగా అంటే జబ్బు కాదు, బక్కచిక్కడం. కోడలు పిల్ల బొత్తిగా చిక్కిపోయింది, చూసుకోండమ్మా అని ఆవిడ మా అత్తగారికి చెప్పారు. ఆ భాషలో ఎవరు చిక్కారో పేరెత్తి చెప్పకపోతే, వినేవాళ్లకి ఎవరి మీద ధ్యాస ఉంటే వాళ్లే చిక్కిపోతారు!

ఏడు వారాల్లో నా మొహంలోకి చూసిన మనిషి ఒక్కరు. ఆ మాటకి కూడా మేం పాపని డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్లాం.

డాక్టరు నన్ను పెద్ద మెషీను ఎక్కమన్నారు. నలభై మూడు. పెళ్లినాడు యాభై రెండు. ఏం తింటున్నావన్నారు, చెప్పాను. నీళ్లెన్ని అన్నారు, రెండు గ్లాసులన్నాను. ఆయన కాగితం మీద మందు రాయలేదు. వేడన్నం, పప్పు, కూరలు, పెరుగు, చేపలు, దాహమేసినన్ని నీళ్లు, మధ్యాహ్నం రెండు గంటల నిద్ర అని రాశారు. పాలకి ఢోకా లేదు, డబ్బా అక్కర్లేదు, ఇంట్లో మెషీను మాత్రం అటకెక్కించండన్నారు. "బిడ్డ ఒంటికి తల్లి కారణం. తల్లి ఒంటికి ఎవరు కారణం?" అని మా ఆయన్ని అడిగారు. ఆయన సీలింగు ఫ్యాను చూశారు.

ఇంటికొచ్చాక మా అత్తగారు అన్నం వండారు, ఆనపకాయ పప్పు చేశారు. నా కంచంలో వేడివేడిగా వడ్డించి, పాపని నా చేతుల్లోంచి తీసుకున్నారు. నేను రెండో ముద్ద కలిపానో లేదో పాప గుక్కపట్టింది. లేవబోయాను.

"కూకో! ఏడిస్తే ఏడవనీ, గుంటేటి అరిగిపోదు. నానున్నాను కదా" అన్నారు. పాపని భుజాన వేసుకుని, "నాను సూడనేదే అమ్మీ" అన్నారు, గోడకేసి తిరిగి.

నేను తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను. ఉప్పెక్కువైనా చెప్పలేదు.

రెండు వారాలైంది. నిన్న మళ్లీ చూపించాం. నాలుగు కిలోల ఆరొందలు! నాక్కూడా కిలోన్నర పెరిగింది. క్వార్టర్సంతా పండగే.

మా అత్తగారు ఎదురైన ప్రతివాళ్లకీ చెబుతున్నారు, తెలగపిండి మహిమని. ఆలస్యంగా పని చేసిందట. మాషీమా కాదంటున్నారు, కాలోజీరా వల్లనేనట, అది నా దాకా వస్తున్నది ఈ రెండు వారాల నుంచే కదా అని. సమీర ఏదో లింకు పంపించిందట, అందులో చెప్పినట్టే జరిగిందని గ్రూపులో పెట్టింది. మా ఆయన తన నోట్‌బుక్‌కి అట్ట వేయించుకొచ్చారు. సిస్టం పెడితే రిజల్టు రాకేం చేస్తుందని వర్క్‌షాపులో చెప్పుకుంటున్నారట.

అందరికీ అభినందనలు! నాకెవరి మీదా ఫిర్యాదు లేదు. ఒక్క చిన్న అనుమానం మాత్రం, పాఠకుల్లో పెద్దవాళ్లెవరైనా తీర్చండి. ఏడు వారాలు ఈ ఇంట్లో "నీ పాలు చాలట్లేదు, నీ పాలు పల్చన, నీ పాలలో పస లేదు" అని వింటూ వచ్చాను. ఇప్పుడు చాలుతున్నాయి. తెలగపిండి పాలంటున్నారు, కాలోజీరా పాలంటున్నారు, నోట్‌బుక్ పాలంటున్నారు. చాలనన్నాళ్లూ అవి నా పాలే కదా, చాలిన రోజు నుంచీ ఎవరివయ్యాయి?