తొంభై రెండు డిగ్రీల ఏసోబు

జనవరి మొదటి వారంలో ఏసోబును ఒక ప్రభుత్వ శాఖవాళ్ళు తమ పెద్దసారు కారుకు టెంపరేచర్ సెన్సర్‌గా వేసుకున్నారు. ఇంజను కాగినప్పుడు కూలింగ్ ఫ్యాన్‌ను తిప్పించే చిన్న ఇత్తడి ముక్క పాడైపోయింది. కొత్తది కొనాలంటే మూడు కొటేషన్లు కావాలి, పైనుంచి సంతకం రావాలి. మనిషిని పెట్టుకోవడానికి ఇవేవీ అక్కర్లేదు, ఏజెన్సీకి ఒక ఫోను చేస్తే చాలు. ఏజెన్సీవాడు ఏసోబు అరచేతులు నొక్కి చూసి, తోలు పల్చగా ఉంది, వేడి బాగా తెలుస్తుందని రాసి పంపించాడు. ఏడో తరగతి దాటనివాడికి ఆఫీసు ఉద్యోగమంటే మాటలా? మిర్చి కల్లంలో తాలుకాయలు ఏరే అతని భార్య సంపూర్ణ, ఆ పూట కూలి మానుకుని మరీ కోడిని కోసింది.

వైరింగు చేసింది ఆటో ఎలక్ట్రీషియన్ మస్తాన్‌వలి. పనిమంతుడు. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా రిలే అనే స్విచ్చుకు లావు వైరు లాగి, అక్కణ్ణుంచి ఫ్యానుకు ఇచ్చాడు. రిలేను పనిచేయించే సన్న వైరును ఏసోబు ఎడమ మణికట్టుకు సోల్డరింగ్ పెట్టాడు. బానెట్ కింద, బ్యాటరీ పక్కన ఏసోబు ముడుచుకుని కూర్చోవాలి. ఎడమ అరచెయ్యి రేడియేటర్ గొట్టం మీద ఉండాలి. తొంభై రెండు డిగ్రీలు తగలగానే కుడి బొటనవేలు బాడీ బోల్టుకు ఆనిస్తే ఎర్త్ కలిసి, రిలే టక్కుమని, ఫ్యాన్ తిరుగుతుంది.

"రిలే లేకుండా డైరెక్టుగా ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారన్నా. ఫ్యాను లాగే కరెంటుకి నువ్వు మాడిపోతావు. నేనట్టాంటి పని చెయ్యను" అన్నాడు మస్తాన్‌వలి. తన గురించి అంత ఆలోచించిన మనిషిని ఏసోబు అంతకుముందు చూడలేదు.

చిక్కంతా బొటనవేలుతో వచ్చింది. డెబ్బై దాటితే చాలు, అది దానంతటదే బోల్టు మీదికి పోయేది. పెద్దసారు పైవాళ్ళతో ఫోన్లో వినయంగా మాట్లాడే సమయానికి సరిగ్గా ఫ్యాను గుర్రుమనేది. నిర్ణీత ఉష్ణోగ్రతకు ముందే వేడిని అనుభవించినందుకు సంజాయిషీ అడుగుతూ ఫిబ్రవరిలో మెమో వచ్చింది. చెయ్యి కాలిందని రాసిచ్చాడు. కాలడం అనే కాలమ్ ఫారంలో లేదని కాగితం తిరిగొచ్చింది. మార్చి నెలాఖరు లోపల బాగుపడకపోతే కాంట్రాక్టు పొడిగించేది లేదని రెండో మెమోలో ఉంది.

ఏసోబు మళ్ళీ మస్తాన్‌వలి దగ్గరికే పోయాడు. అతను డబ్బాలోంచి, కరెంటును అడ్డుకునే బియ్యపుగింజంత రెసిస్టర్ ఒకటి తీశాడు.

"సెన్సరు తొందరపడతంటే లైన్లో ఇదొకటి ఏస్తారన్నా. ఇంజను ఎంత కాగినా చల్లగా ఉన్నట్టే చెప్పిద్ది."

మణికట్టు దగ్గర వైరు కోసి మధ్యలో దాన్ని అతికాడు. వారానికొకటి చొప్పున మూడు వేశాక ఫ్యాను నోరు మూసుకుంది. ఇంట్లో పొయ్యి మీద కుతకుతలాడే గిన్నెను ఏసోబు మసిగుడ్డ లేకుండా దించడం చూసి సంపూర్ణ మొదట హడలిపోయింది. నాలుగు రోజులు చూసి, గంజి వార్చే పని అతనికే వదిలేసింది.

కాంట్రాక్టు పొడిగించారు. ఏప్రిల్లో బైపాస్ రోడ్డు మీద బానెట్‌లోంచి ఆవిరి లేచి ఇంజను పట్టేసింది. ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుని, సెన్సర్ చెప్పలేదు కనుక ఇంజను వేడెక్కలేదని తేల్చింది. అనుమతి లేకుండా ఆవిరి వదిలినందుకు కారు అద్దానికి నోటీసు అంటించారు. ఏసోబు చేతుల మీది బొబ్బలను పాత మచ్చలుగా నమోదు చేశారు. ఇంత నిబ్బరమైన మనిషి ఒక్క కారుకే పరిమితం కాకూడదని పెద్దసారు పైకి రాశారు.

ఎండ మరీ ఎక్కువైతే మధ్యాహ్నం రెండు గంటలు కూలి పనులు ఆపాలని ఉత్తర్వు ఒకటి ఉంది. ఎక్కువైందో లేదో చెప్పే పని మే నెలలో ఏసోబుకు అప్పగించారు. రోజుకో చోట నిలబడి, అరచెయ్యి చాపి, తగిలినంత రాసేవాడు. అలా ఒకరోజు పన్నెండింటికి సంపూర్ణ పనిచేసే కల్లానికి వచ్చాడు. ముందురోజే మార్తమ్మ అనే ఆమె కాయల మీద పడిపోయి మళ్ళీ లేవలేదు. పని వేళలో నిద్రపోయిందని రాసుకున్నారు. నలభై మంది ఆడవాళ్ళు కొంగులు నెత్తిన వేసుకుని అతని అరచెయ్యి వంక చూస్తున్నారు.

"ఒక్క మాట రాయయ్యా. పొద్దుటి నుంచి నాకు కళ్ళు తిరగతన్నయ్. రేపు నేనూ అట్టానే పడిపోతా" అంది సంపూర్ణ.

ఏసోబుకు రాయాలనే ఉంది. నేల మీద చెయ్యి పెట్టి చూశాడు. కాయల్లోకి మోచేతిదాకా దూర్చి చూశాడు. చివరికి ఆమె చెంప మీద పెట్టి చాలాసేపు ఉంచాడు.

"నాకు తగల్లేదే. తగలంది తగిలిందని ఎట్టా రాసేది?"

అబద్ధం ఆడలేదు. ముప్పై ఒకటి అని రాసి సంతకం పెట్టాడు. ఆడవాళ్ళు తిరిగి కాయల ముందు కూర్చున్నారు. సంపూర్ణ మాత్రం అతని మణికట్టు పట్టుకుని, మూడు గింజలనూ వేలితో తడిమింది.

"ఇయ్యి మాక్కూడా ఏస్తాడేమో మస్తాన్‌వలిని అడుగు" అంది.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక మస్తాన్‌వలి డబ్బా తెచ్చుకుని కల్లంలో కూర్చున్నాడు. ఆడవాళ్ళు ఎడమ చేతులు ముందుకు పెట్టి వరసలో నిలబడ్డారు. అందరికంటే ముందున్న సంపూర్ణ, సోల్డరింగ్ ఐరన్ దగ్గరికి రాగానే బెదిరి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఏసోబు వంగి, ఎర్రగా కాలుతున్న దాని మొనను రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు.

"ఏం లేదే, పెట్టు" అన్నాడు.

ఆమె చెయ్యి చాపింది.