ఫాస్ట్ అంటే పంజాగుట్టలో ఆగిపోవడం

ప్రపంచంలో అన్నిటికన్నా ఫాస్ట్ రోడ్డు ఏదో తెలుసా మీకు? అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లే రోడ్డు!

నవ్వకండి. ఆఫీసుల టైమ్‌లో ఆ రోడ్డు మీద ఇరుక్కుపోయి, ముందున్న బస్సు వెనక దుమ్ములో ఎవరో వేలితో రాసిన పేరు కంఠతా వచ్చేసినవాళ్లు నన్ను తిట్టుకుంటారని తెలుసు. కానీ నా దగ్గర ఆధారం ఉంది. ఫోన్‌లో డిక్షనరీ ఉంది. దాన్ని చదివింది కూడా ఆ రోడ్డు మీదే. చదువుకోడానికి అంత తీరిక ఈ ఊళ్లో ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి?

ఫాస్ట్ అనే ఇంగ్లిష్ మాటకి మొదట్లో వేగం అనే అర్థమే లేదండీ! గట్టిగా పాతుకున్నది, కదలనిది, ఊడిరానిది అని అర్థం. వెయ్యేళ్ల కిందట ఒక ఇంగ్లిష్ రైతు ‘ఈ గుంజ ఫాస్ట్’ అన్నాడంటే గుంజ పరిగెడుతోందని కాదు, ఆవు ఎంత లాగినా రాదని. గాఢ నిద్రలో ఉన్నవాణ్ని ఫాస్ట్ అస్లీప్ అంటారు, వాడేమైనా నిద్రలో పరుగు పందెం పెట్టుకున్నాడా? సీటు బెల్టు ఫాసెన్ చేసుకోండి అంటారే, అదీ ఈ ఇంటి పిల్లే. ఉపవాసాన్ని ఫాస్టింగ్ అనడం కూడా ఇందుకే, నియమాన్ని గట్టిగా పట్టుకుని కూర్చోవడం కాబట్టి.

మరి వేగం ఎక్కణ్ణుంచి ఊడిపడింది? గట్టిగా పట్టుకోవడం నుంచి గట్టిగా కొట్టడం, గట్టిగా కొట్టడం నుంచి గట్టిగా పరిగెత్తడం. మనం మాత్రం ఆటో ఎక్కి ‘అన్నా, జర గట్టిగ తొక్కు’ అనమూ? అలా తొక్కగా తొక్కగా పాపం కదలని మాట కాస్తా కాళ్లు తెచ్చుకుని పరిగెత్తింది.

ప్రపంచమంతా పాత అర్థాన్ని మర్చిపోయింది. దాన్ని రోజూ పొద్దునా సాయంత్రం, వానలో రెట్టింపు శ్రద్ధతో, కాపాడుతున్నది పంజాగుట్ట ఒక్కటే! ఇది జామ్ కాదండీ, భాషాసేవ!

అమీర్‌పేటది ఇంకో రకం సేవ. మైత్రీవనం దగ్గర నిలబడి తల పైకెత్తండి. ఆకాశం కనిపిస్తే మీరు తప్పు చోట నిలబడ్డట్టు. అన్నీ కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఫాస్ట్ ట్రాక్ జావా, ఫాస్ట్ ట్రాక్ క్లౌడ్, ఫాస్ట్ ట్రాక్ స్పోకెన్ ఇంగ్లిష్. మా మధురానగర్ హాస్టళ్లలో మూడేళ్లుగా ఫాస్ట్ ట్రాక్ బ్యాచ్‌లోనే ఉన్నవాళ్లు ఉన్నారు. గుంజ లాగా, ఊడిరాకుండా. పాత అర్థమే కదా మరి!

ఇక పది నిమిషాల మహిమ గురించి వేరే చెప్పాలా? కొత్తిమీర కట్ట పది నిమిషాల్లో ఇంటికొస్తుంది. దోసె మీద నెయ్యి చాలకపోతే నెయ్యి పది నిమిషాల్లో వస్తుంది, అప్పటికి దోసె చల్లారుతుంది, అయినా సరే వస్తుంది. పక్కింటి రామ్మోహనరావు గారికి డోలో బిళ్ల కూడా పది నిమిషాల్లో వచ్చింది. మెడికల్ షాపు ఆయన ఇంటి కిందే ఉంది.

ఈ లెక్కన పెళ్లికొడుకు కూడా పది నిమిషాల్లో రావడంలో వింతేముంది? మా అక్క రాగసుధకి అలాగే వచ్చాడు!

అక్క ఫిజియోథెరపిస్టు. ఈ మధ్యే ఉద్యోగం పర్మనెంట్ అయింది. అమీర్‌పేటలో మ్యారేజ్ బ్యూరో నడిపే అరుణాదేవి గారు ఓ సోమవారం అక్క బయోడేటా తీసుకున్నారు. గురువారానికల్లా బంజారా హిల్స్‌లో ఒక కాఫీ షాప్‌లో పెళ్లిచూపులు. అబ్బాయి పేరు తారక్, కూకట్‌పల్లి, సాఫ్ట్‌వేర్. పెద్దవాళ్లు కాసేపు కబుర్లు చెప్పుకుని, మనందరికీ తెలిసిన ఆ మాట అనేశారు. ‘పిల్లలిద్దరూ అలా పక్కకెళ్లి ఒక పది నిమిషాలు మాట్లాడుకోండి’ అని.

పది నిమిషాలు! కొత్తిమీరకిచ్చినంత టైమే! పైగా కొత్తిమీర వాడిపోతే రిటర్న్ ఇవ్వొచ్చు.

అందులో మూడు నిమిషాలు మెనూ చూడ్డానికి పోయాయి. రెండు నిమిషాలు వైఫై పాస్‌వర్డ్‌కి. తారక్ హాబీలు అడిగితే అక్క మ్యూజిక్ అంది. అక్క అలారం మోగినా విసుక్కునే మనిషి. ఇంతలో పక్క టేబుల్ నుంచి మా అమ్మ వసుమతి వాచీ చూసుకోవడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చాక అక్క ఆలోచించుకుని చెప్తానంది. అమ్మ చేతిలో పని ఆపకుండానే, ‘ఇందులో ఆలోచించడానికి ఏముందే?’ అంది. అవతలివాళ్లు తొందరపడుతున్నారట, మంచి సంబంధాలు ఆగవట. పై వారంలోనే మాసబ్ ట్యాంక్‌లో ఒక ఫంక్షన్ హాల్, పొద్దున పదిన్నరకి నిశ్చితార్థం. చూశారా ఎంత ఫాస్టో! మా తాతల కాలంలో అయితే జాతకాలు చూసుకోడానికే ఓ ఎండాకాలం పట్టేది. వెనకబడినవాళ్లు, పాపం.

నిశ్చితార్థం రోజు పొద్దున నాన్న హనుమత్ప్రసాద్ గారు మెట్రో ఎక్కి ముందే హాల్‌కి వెళ్లిపోయారు. మెట్రోలో తాంబూలం పళ్లేలు బాగుండవని అమ్మ క్యాబ్ బుక్ చేయించింది. డ్రైవర్ పేరు శివరాములు. ముందు సీట్లో పళ్లేలు, వెనక అమ్మ, అక్క, నేను. తాంబూలాలు మార్చుకునేదాకా పెళ్లికూతురు ఏమీ తినకూడదని అమ్మ రూలు పెట్టింది కాబట్టి అక్క ఫాస్టింగ్. నేను ఇడ్లీ తిన్నాను. నిశ్చితార్థం నాది కాదు కదా!

అమీర్‌పేట దాటాం. ఆగాం.

ఎంతసేపంటారా? పైన మెట్రో రైళ్లు అటూ ఇటూ పోతూనే ఉన్నాయి, కింద మేం ఇంగ్లిష్ భాషని కాపాడుతూ ఉన్నాం. బండి వేడెక్కుతోందని శివరాములు ఏసీ ఆపేశాడు. ముంగట బస్సేదో ఆగిపోయిందని, ఫికర్ చెయ్యొద్దని, అయితదని చెప్పాడు. నాన్న ఫోన్ చేస్తే, అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు ఇంకా వెనక కనిపిస్తుండగానే, పంజాగుట్ట దాటేశామని అమ్మ చెప్పింది.

అప్పుడే అక్క బ్లౌజు సంగతి బయటపడింది. గంటలో కుట్టి ఇస్తామన్న ఎక్స్‌ప్రెస్ షాపులో కుట్టించిన మెరూన్ బ్లౌజు. రంగు దిగదు, ఫాస్ట్ కలర్ అని ఒట్టేసి మరీ ఇచ్చారు. మే నెల చెమటకి ఆ మెరూన్ మెల్లగా బ్లౌజులోంచి దిగి, మీగడ రంగు పట్టుచీర మీదికి బయల్దేరింది. పంజాగుట్ట మొత్తం మీద ఆ పొద్దున ముందుకి కదిలింది అదొక్కటే!

అమ్మ టిష్యూలతో ఆ రంగుని ఆపడానికి పోరాడుతోంది. నేను డిక్షనరీలో ఉన్నాను. అక్క కిటికీ బయటికి చూస్తూ, చాలాసేపటికి, అమ్మని మామూలు గొంతుతో అడిగింది.

“అమ్మా, నేనీ సంబంధానికి ఎప్పుడు ఒప్పుకున్నాను?”

అమ్మ టిష్యూ ఆగింది. “అదేంటే. కాఫీ షాప్‌లో నవ్వావుగా.”

“వెయిటర్ ట్రే జారబోయిందమ్మా. అందుకు నవ్వాను.”

అమ్మ ఆలోచించింది. ఆ పది రోజుల్లో అక్క సరేనన్న క్షణం ఎక్కడుందా అని వెనక్కి వెనక్కి వెళ్లి వెతికింది. హాలు బుక్ చేసిన క్షణం దొరికింది, క్యాటరింగ్ దొరికింది, చీర దొరికింది. ఆ సరే మాత్రం దొరకలేదు. కారు కదులుతూ ఉంటే ఆ ప్రశ్న వచ్చేదే కాదు. వచ్చినా పదిన్నర లోపల జవాబు వెతికే టైమ్ ఎవరికుంది?

అక్క ఫోన్ తీసి తారక్‌కి చేసింది. ఎక్కడున్నారంటే, వచ్చేస్తున్నాం, ఫైవ్ మినిట్స్ అన్నాడు. హైదరాబాద్‌లో నిమిషాల మీద ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు. అక్క మెట్రో పిల్లర్ నంబర్ అడిగింది. పిల్లర్ నంబర్ మీద అబద్ధం ఆడే ధైర్యం ఈ ఊళ్లో ఎవరికీ లేదు!

మాకు మూడు పిల్లర్ల వెనక ఉన్నాడు. వాళ్ల కుటుంబం మొత్తం అదే జామ్‌లో.

అక్క రమ్మంటే, పట్టుపంచె ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, బైకుల మధ్య నుంచి పక్కవాటుగా నడిచి వచ్చాడు. పళ్లేలు నా ఒళ్లోకి వచ్చాయి, ఆయన ముందు సీట్లోకి వచ్చాడు. అక్క, ఆయనకి పుణె ట్రాన్స్‌ఫర్ అవుతోందటగా, పెళ్లయ్యాక తనూ అక్కడికి వెళ్లాల్సిందేనా, తన ఉద్యోగం ఇక్కడే కదా అని అడిగింది. తారక్ వెనక్కి తిరిగాడు. పుణె ఆయనకీ ఇష్టం లేదట. అమ్మాయికి పుణె అంటే ప్రాణం అని చెబితే, ఆయన ట్రాన్స్‌ఫర్‌కి అప్లై చేశాడట.

ఎవరు చెప్పారు? అరుణాదేవి గారు.

అమ్మకి ఇంకో అనుమానం వచ్చింది. “పోనీ బాబూ, అది సరిచేసుకోవచ్చు. కానీ మీవాళ్లే కదా ఇంత తొందరపెట్టింది?”

“మావాళ్లా? మీరు తొందరపడుతున్నారనే కదండీ మేం సెలవులు పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది.”

బయట హారన్లు. వెనకున్న ఆటో కొడుతోంది, దాని వెనక కారు కొడుతోంది కాబట్టి. కారు కొడుతోంది, దాని వెనక వ్యాన్ కొడుతోంది కాబట్టి. అందరికన్నా వెనకున్నవాడు ఎందుకు కొడుతున్నాడో ఎవరికీ తెలీదు. ముందు ఆగిపోయిన బస్సుకి ఇవేవీ వినిపించవు.

మా రెండు కుటుంబాల్లోనూ తొందర ఉన్న మనిషి ఒక్కరూ లేరండీ! అయినా ఎంత ఫాస్ట్‌గా వచ్చాం చూడండి!

శివరాములు ఇదంతా అద్దంలో చూస్తూనే ఉన్నాడు. అక్క మొహం వాడిపోయిందని సీటు కింద నుంచి టిఫిన్ డబ్బా తీశాడు. “మా అమ్మ కమలవ్వ చేసింది, సర్వపిండి. ఖాళీ కడుపుతోని గీ ఎండల కూసుంటే కండ్లు తిరుగుతయి బిడ్డా, జర తిను.”

తాంబూలాలు కాలేదని అమ్మ అనబోయింది. అక్క ముక్క విరిచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది.

“ఇవాళ తాంబూలాలు వద్దమ్మా. నేను ఆలోచించుకుంటాను.”

తారక్ కాసేపు బస్సు వైపు చూశాడు. తర్వాత డబ్బా వైపు చూసి, తనకీ ఓ ముక్క ఇమ్మన్నాడు. ఆయన్ని కూడా వాళ్లమ్మ ఉపవాసం ఉంచిందట.

ముహూర్తం పంజాగుట్టలోనే దాటిపోయింది. మేం దాటడానికి ఇంకాస్త పట్టింది. హాల్‌లో నాన్న, పురోహితుడు, అందరూ ఏమైందని అడిగారు. అంతా విన్నాక నాన్న, వంటలైతే అయిపోయాయి కదా అన్నారు. రెండు కుటుంబాలూ ఎదురెదురుగా కూర్చుని గుత్తి వంకాయ తిన్నాయి. అరుణాదేవి గారి ఫోన్ మాత్రం ఎందుకో ఆ రోజంతా స్విచాఫ్.

తర్వాతేమైందో చెప్పకపోతే మీరు నన్ను వదలరు. అక్క ఇంకా సరే అనలేదు. వద్దనీ అనలేదు. పుణె ట్రాన్స్‌ఫర్ మాత్రం క్యాన్సిల్. ప్రతి సోమవారం సాయంత్రం, రోడ్డు బాగా కిక్కిరిసే టైమ్ చూసుకుని, ఇద్దరూ శివరాములు క్యాబ్‌లో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్తారు. ఆదివారం ఒకసారి ప్రయత్నించారట. రోడ్డు ఖాళీగా ఉండి పంజాగుట్ట చటుక్కున వచ్చేసింది, ఏమీ మాట్లాడుకోలేదు. మ్యూజిక్ హాబీ అబద్ధమని మూడో సోమవారం బయటపడింది. తారక్‌కి నత్తి ఉందని, పరిచయం లేనివాళ్ల ముందు దాన్ని దాచడానికే తక్కువ మాట్లాడతాడని అయిదో సోమవారం తెలిసింది. పది నిమిషాల్లో ఇవి తెలుస్తాయా? ఒక్కసారి ఆలోచించండి!

అందుకే ట్రాఫిక్ వారికి, మెట్రో వారికి, ఫ్లైఓవర్లు గీసేవారికి చేతులు జోడించి మనవి చేస్తున్నాను. పంజాగుట్టని ముట్టుకోకండి! సిగ్నళ్లు సరిచేయకండి! ఆగిపోయిన బస్సుల్ని వెంటనే లాక్కెళ్లకండి! మీరు బాగుచేసేస్తే ఈ ఊళ్లో మా అక్కకి కూర్చుని ఆలోచించుకోడానికి చోటేది?

అదేంటి, మీకు ఇల్లు లేదా అంటారా? ఉందండీ, మధురానగర్‌లో మూడు గదుల ఇల్లు, గాలీ వెలుతురూ బాగానే వస్తాయి. నిన్న కూడా అక్క బాల్కనీలో ఒంటరిగా కూర్చుని ఉంటే, అమ్మ కాఫీ పట్టుకొచ్చి, చాలా ప్రేమగా, ‘ఇంకా ఆలోచించడానికి ఏముందే?’ అంది.

ఆ మాట మా ఇంట్లో ఆగిపోయిన రోజున, మీ ఇష్టం, జామ్ క్లియర్ చేసేసుకోండి.