చుక్క ముట్టనివాడి గుమ్మం ముందు బోరింగు

మన మగవాళ్లు ఒక్క అలవాటుతో ఎందుకు సరిపెట్టుకోరో త్వరలోనే తేల్చేస్తామని కారేపల్లి సభలో మంత్రిగారు ప్రకటించారు. ఆబ్కారీ శాఖా ఆయనదే, కొత్తగా పెట్టిన వ్యసన విముక్తి శాఖా ఆయనదే. సారా అమ్మించేదీ మాన్పించేదీ ఒక్కరే కాబట్టి శాఖల మధ్య తగాదా అన్నమాటే లేదు. లాలుతండాలో ఏ అలవాటూ లేని మగవాణ్ని చూపిస్తే అతని గుమ్మం ముందే బోరింగు వేయిస్తానని కూడా అన్నారు. స్థానిక విలేకరిగా నేను చప్పట్లు కొడుతూనే ఆ మాట రాసుకున్నాను.

ఎండాకాలం వస్తే ఆ తండా ఆడవాళ్లు వాగులో చెలమలు తోడుకుని నీళ్లు మోస్తారు. అందుకే అలవాట్ల సర్వేకొచ్చిన స్పెషల్ ఆఫీసర్ ఎల్లస్వామిగారి జీపు ఆగీ ఆగకముందే సోమ్లి తన మొగుడు భద్రును ఆయన ముందుకు తోసింది. భద్రుది బొగ్గుబావిలో పని.

"నీకేం అలవాట్లున్నయ్?" అన్నారు ఆఫీసర్‌గారు.

"తంబాకు, బీడీ, సారా, కల్లు."

"ఒకటి చాలదా?"

"బావిలకు అగ్గిపెట్టె తీస్కపోనియ్యరు సారూ, గేటుకాడ తడిమి చూస్తరు. అందుకని లోపల తంబాకు నములుడు. పైకి రాంగనె బీడీ. బీడీతోని దగ్గు. దగ్గుకు సారా. సారా వేడి జేస్తది, సల్లదనానికి కల్లు. కల్లు వాసన ఇంట్ల తెల్వకుండ మల్ల తంబాకు."

"చాలా శాస్త్రీయంగా ఉంది" అని ఆఫీసర్‌గారు మెచ్చుకున్నారు.

"అసలుది వేరే ఉంది సారూ. కింద పనిచేస్తుంటె పైకప్పు టక్కుమంటది. మీద కూలుతదేమోనని గుండె జారిపోతది. ఇంటికొచ్చినా ఆ సప్పుడే."

"అది మన సర్వేలో లేదు."

సోమ్లి అడ్డం వచ్చింది. "ఈయన అన్నీ బంద్ జేస్తడు సారూ. బోరింగు మాకే రాసుకోండ్రి."

"నేనెప్పుడన్ననే?" అన్నాడు భద్రు.

"నేనన్న."

భద్రు నిజంగానే మానేశాడు. వేయించిన చింతగింజలు నములుతూ, దవడలు పట్టుకుని మూలుగుతూ మానేశాడు. అతన్ని చూసి పక్కింటి జైరాం భార్యకు కన్ను కుట్టింది. బోరింగు తన గుమ్మం ముందే పడాలని ఆమె జైరాంను పట్టుకుంది. ఇల్లిల్లూ అదే పోటీ. తండాలో ఎటు విన్నా చింతగింజల చప్పుడే. సారా దుకాణంలో ఈగలు కూడా మొహం చాటేశాయి.

ఎల్లస్వామిగారు దిగులుపడ్డారు. "పథకం ఇంతగా పనిచేస్తుందని ఎవరూ హెచ్చరించలేదండీ" అన్నారు నాతో. ఫోన్‌లో మంత్రిగారు మండిపడ్డారట. "మాన్పించమన్నాను. అందర్నీ మాన్పించమన్నానా? అమ్మకాల టార్గెట్ నీ తాతొచ్చి పూర్తిచేస్తాడా? బహుమతి జల్దీ ఇచ్చి మూసెయ్."

సభ పెట్టారు. భద్రు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. సోమ్లి ఖాళీ బిందె తోమి మరీ తెచ్చుకుంది. మంత్రిగారు మైకులో బహుమతి పొందినవాడి పేరు చదివారు. సారా దుకాణం సాంబమూర్తి.

"సారా మధ్యనే బతుకుతూ చుక్క ముట్టని మనిషి. తామరాకు మీద నీటిబొట్టు" అన్నారు మంత్రిగారు.

"ఆయన వేంసూరాయన గద సారూ, మా తండాల ఇల్లేడిది?" అంది సోమ్లి.

"ఇల్లు లేకపోతేనేం, దుకాణానికి గుమ్మం ఉందిగా" అన్నారు ఎల్లస్వామిగారు. న్యాయమైన మాటే.

దండ వేసుకున్న సాంబమూర్తి నా చెవిలో వినయంగా అన్నాడు: "నా సరుకు నేనెట్లా ముట్టుకుంటానండీ. అందులో ఏం కలుస్తదో నాకు తెలుసుగా."

దుకాణం ముందు బోరింగు పడింది. నీళ్లు తియ్యగా ఉన్నాయి. 'లాలుతండాకు జలకళ' అని నేనే వార్త రాశాను. సాంబమూర్తి ఒక చిన్న నియమం పెట్టాడు. నీళ్లు అందరికీ ఉచితమే, సారా ప్యాకెట్ కొన్నవాళ్లు మాత్రం ముందు పట్టుకోవచ్చు.

ఫోటో కోసం వెళ్లినప్పుడు ఆడవాళ్ల వరుస తండా దాటిపోయింది. సోమ్లి పొద్దుననగా నిలబడింది. పొద్దు నడినెత్తికొచ్చినా ఆమె ఇంట్లో పొయ్యి వెలగలేదు. పక్కన భద్రు చింతగింజ నములుతున్నాడు. ఆమె వరుసను చూసింది, బిందెను చూసింది, కొంగుముడి విప్పింది.

"పో, ఒక ప్యాకెట్ తే."

"నేను బంద్ జేసిన గదనే."

"తాగమన్ననా? నీళ్లకు."

బిందె చిటికెలో నిండింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే బాధేసింది. సోమ్లి బిందె నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. భద్రు ప్యాకెట్ పట్టుకుని వెనక నడిచాడు.

"ఇప్పుడు దీన్నేం జెయ్యాలనే?" అన్నాడు కాసేపటికి.

నిండుబిందె నెత్తిమీద ఉన్న మనిషి తల తిప్పలేదు. సోమ్లి అట్లాగే నడుచుకుంటూ వెళ్లిపోయింది.